గుత్తిలో పాత డ్రిప్ పైపులతో ప్యాలెట్ల తయారీ: యంత్రానికి బయానా ఇచ్చేముందు తేల్చుకోవలసినవి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. గుత్తి దగ్గర హైవేకు ఆనుకుని మీకు రెండెకరాల స్థలం ఉంది. నాన్నగారిది డ్రిప్ పరికరాల దుకాణం కాబట్టి రైతులు తీసేసిన పాత పైపులు చవకగా మీ చేతికి వస్తాయి. వాటిని కరిగించి, సరుకు కింద పెట్టి ఎత్తే ప్యాలెట్లు తయారుచేసి పెనుకొండ వైపు కార్ల విడిభాగాల పరిశ్రమలకూ, తాడిపత్రి సిమెంటు కర్మాగారాలకూ అమ్మాలనుకుంటున్నారు. చేతిలో 50 లక్షల దాకా ఉంది. యంత్రం అమ్మే ఆయన “ఏ ప్లాస్టిక్ వేసినా ప్యాలెట్ వస్తుంది” అంటున్నారు. దిగవచ్చా అని అడిగారు.

దిగవచ్చు. అయితే మీరు అనుకుంటున్న ముడిసరుకుతో కాదు, అనుకుంటున్న కొనుగోలుదారులకూ కాదు. కడపలో చాలా ఏళ్లుగా పాత ప్లాస్టిక్‌ను దానాగా, అంటే మళ్లీ కరిగించడానికి వీలైన గింజలుగా, మార్చి, ఆ తర్వాత ప్యాలెట్లు కూడా చేస్తున్నవాడిగా చెబుతున్నాను: ఈ వ్యాపారంలో లాభనష్టాలు తేలేది యంత్రం దగ్గర కాదు, తుక్కు ఏరే బల్ల దగ్గర. యంత్రాల వ్యాపారి ఆ బల్ల గురించి మీకు ఒక్క మాట కూడా చెప్పి ఉండరు.

ముందు డ్రిప్ పైపుల సంగతి. సాళ్ల వెంట పరిచే సన్నటి నల్ల పైపును, అంటే లేటరల్‌ను, ఎక్కువగా ఎల్‌ఎల్‌డీపీఈ అనే పాలిథిన్ రకంతో చేస్తారు. చుట్టలు చుట్టాలి, మడత పడినా చిట్లకూడదు కనుక మెత్తటి రకం ఎంచుకున్నారు. ప్యాలెట్‌కు కావలసిన గుణం దీనికి పూర్తిగా వ్యతిరేకం. టన్ను బరువు పెట్టినా వంగకుండా నిలవాలి. వంగకుండా నిలిచే శక్తిలో హెచ్‌డీపీఈ అనే మరో పాలిథిన్ రకం ఈ పైపు రకం కంటే మూడు నాలుగు రెట్లు గట్టిది. పీపీ, అంటే పాలీప్రొపిలీన్, అంతకన్నా గట్టిది. ఒక్క డ్రిప్ పైపులతోనే పోసిన ప్యాలెట్ కంటికి నున్నగా, బలంగా కనిపిస్తుంది. ఫోర్క్‌లిఫ్ట్ ఎత్తగానే నడుము దిగిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డు కింద అయితే ఎత్తకుండానే, పెట్టిన బరువుకే మెల్లగా కిందికి జారుతుంది.

అంతమాత్రాన ఆ పైపులను వదులుకోనక్కరలేదు. ఎండకు తట్టుకోవడానికి వాటిలో 2 నుంచి 2.5 శాతం వరకు కార్బన్ నలుపు కలిపి ఉంటుంది. మీ ప్యాలెట్‌కు ఆ రక్షణ ఉచితంగా వచ్చినట్టే. పైగా సాగే గుణం ఉండడం వల్ల, ఫోర్క్‌లిఫ్ట్ కొమ్ము తగిలినప్పుడు మూల విరిగిపోకుండా కాస్త అణిగి ఊరుకుంటుంది. హెచ్‌డీపీఈ కూడా పాలిథిన్ జాతిదే కాబట్టి రెండూ చక్కగా కలుస్తాయి. అందుకే నేను డ్రిప్ పైపు ముక్కలను అయిదింట ఒక వంతు వరకు కలుపుతాను, అంతకు మించి వెళ్లను. పైపు లోపల ఉండే డ్రిప్పర్లను, వాటిలో పేరుకున్న ఉప్పునూ ఇసుకనూ మాత్రం చిన్నచూపు చూడవద్దు. మన బోరు నీళ్లకు పైపు లోపల తెల్లటి పొర గట్టిగా పట్టేస్తుంది. ఆ పొడి కరిగే సరుకులోకి పోతే దాన్ని వడగట్టే జాలీలు గంటగంటకూ మూసుకుపోతాయి, యంత్రంలో సరుకును ముందుకు తోసే స్క్రూ అరిగిపోతుంది. పైపును నిలువునా చీల్చి, ముక్కలు చేసి, నీళ్లలో గట్టిగా తిప్పి కడిగితేనే పనికొస్తుంది. చీల్చకుండా గ్రైండర్‌లో వేసేవారు తర్వాత స్క్రూ మరమ్మతుకు అంతకు మించి ఖర్చు పెడుతున్నారు.

మరి మిగతా నాలుగు వంతులు ఎక్కడి నుంచి? మన ప్రాంతంలో దీనికి మంచి జవాబు ఉంది: పగిలిన టమాటా క్రేట్లు. మదనపల్లె మార్కెట్‌లోనూ, అనంతపురం పక్కన కక్కలపల్లి మార్కెట్‌లోనూ సీజన్ దాటేసరికి పగిలిన క్రేట్లు కుప్పలుగా పడి ఉంటాయి. వాటిలో చాలా భాగం హెచ్‌డీపీఈ. అంతకంటే ముఖ్యం, క్రేటును అచ్చులోకి కరిగిన ప్లాస్టిక్‌ను తోసి చేస్తారు కనుక ఆ సరుకు కరిగితే బాగా పారుతుంది. నూనె డబ్బాలు, పెద్ద డ్రమ్ములు కూడా హెచ్‌డీపీఈయే. కానీ వాటిని గాలి ఊది తయారుచేస్తారు కాబట్టి ఆ రకం కరిగినా చిక్కగా, సాగుతూ ఉంటుంది, అచ్చు మూలల దాకా చేరదు. పేరు ఒకటే అయినా పారే గుణం వేరు. ఈ గుణాన్ని మెల్ట్ ఫ్లో ఇండెక్స్ అనే అంకెతో కొలుస్తారు. దానా కొనేటప్పుడు గానీ అమ్మేటప్పుడు గానీ ఆ అంకె అడగని వ్యాపారితో లావాదేవీ పెట్టుకోకండి. విజయవాడలోనూ హైదరాబాద్‌లోనూ ఉన్న సిపెట్ కేంద్రాల్లో ఈ పరీక్ష చేస్తారు. 1968లో చెన్నైలో మొదలైన కేంద్ర ప్రభుత్వ సంస్థ అది. వాళ్ల నివేదిక ఉంటే మీ మాటకు కొనుగోలుదారు దగ్గర విలువ పెరుగుతుంది.

ఇప్పుడు ఏరే బల్ల. మా షెడ్డులో ఇదే అన్నిటికంటే పెద్ద బల్ల, వెలుతురు బాగా పడే చోట వేశాం. అక్కడ పనిచేసే ఆడవాళ్లు చేతితో తడిమి, గోటితో గీకి, నేలకేసి కొట్టి ఆ చప్పుడు విని రకం చెప్పేస్తారు. ఒక నూనె డబ్బా తీసుకోండి. డబ్బా హెచ్‌డీపీఈ, మూత చాలాసార్లు పీపీ, చుట్టూ అంటించిన కాగితం వేరు, మూత లోపల మెత్తటి బిళ్ల మరొకటి. నాలుగింటినీ విడదీసి నాలుగు బుట్టల్లో వేయాలి. హెచ్‌డీపీఈ మీద గోరు గీత పడుతుంది, మైనంలా జిడ్డుగా తగులుతుంది. పీపీ మీద గీత అంత సులువుగా పడదు. అనుమానం వస్తే ముక్కను నీళ్ల టబ్బులో వేస్తాం. పాలిథిన్, పీపీ నీటికన్నా తేలిక కాబట్టి తేలుతాయి. నీళ్ల సీసాల పెట్ రకం, పైపుల పీవీసీ, సున్నపు పొడి ఎక్కువ కలిపిన చవక కుర్చీల ముక్కలు మునిగిపోతాయి. హెచ్‌డీపీఈ, పీపీలను విడదీయాలంటే స్పిరిట్, నీళ్లు సమపాళ్లలో కలిపిన గ్లాసులో వేయండి. పీపీ తేలుతుంది, హెచ్‌డీపీఈ మునుగుతుంది. ఇది డబ్బా, క్రేటు ముక్కలకు బాగా పనిచేస్తుంది. స్పిరిట్ అంటుకునే ద్రవం కాబట్టి దగ్గరలో నిప్పు ఉండకూడదు.

హెచ్‌డీపీఈ, పీపీ కరిగినప్పుడు కలిసిపోయినట్టే కనిపిస్తాయి, చల్లారాక పొరలు పొరలుగా విడిపోతాయి. విరిగిన ప్యాలెట్ అంచు చూస్తే ఉల్లిపొర లేచినట్టు తెలిసిపోతుంది. కొద్దిపాటి కలయికను తట్టుకోవచ్చు గానీ, సగం ఇది సగం అది అయితే బలం ఉండదు.

అన్నిటికంటే ప్రమాదకరం పీవీసీ. డ్రిప్ వ్యవస్థలో లేటరల్ పాలిథిన్ అయినా, దానికి నీళ్లందించే మెయిన్, సబ్‌మెయిన్ పైపులు చాలా పొలాల్లో పీవీసీవే. రైతు అన్నిటినీ ఒకే ట్రాక్టర్‌లో వేసి పంపిస్తాడు. మీకు ఈ ప్రమాదం ఇతరుల కంటే ఎక్కువ. పాలిథిన్ కరిగించే వేడికి పీవీసీ చెడిపోయి హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి వదులుతుంది. అది బ్యారెల్‌ను, అంటే యంత్రంలో సరుకు కరిగే గొట్టాన్ని, తినేస్తుంది, అక్కడ నిలబడ్డ మనిషి ఊపిరితిత్తులనూ దెబ్బతీస్తుంది. బూడిద రంగు, తెలుపు పైపు ముక్క ఏదైనా సరే బల్ల దాటి లోపలికి పోకూడదని నియమం పెట్టుకోండి. పురుగుమందు డబ్బాలను కూడా గేటు దగ్గరే ఆపండి. అవి మంచి హెచ్‌డీపీఈయే, ధర కూడా తక్కువే. కానీ వాటిని కోసే చేతుల గురించి ఆలోచించాలి. ఆ వాసన ప్యాలెట్‌లో మిగిలితే ధాన్యం గిడ్డంగి వాళ్లు మళ్లీ మీ ముఖం చూడరు. మల్చింగ్ షీటు కూడా నేను తీసుకోను. 25, 30 మైక్రాన్ల పలుచటి షీటుకు దాని బరువును మించిన మట్టి అంటుకుని వస్తుంది. అనంతపురం లాంటి నీటి కరువు జిల్లాలో దాన్ని కడగడానికి నీళ్లు ఎక్కడివి?

యంత్రం విషయానికి వస్తాను. దుకాణాల్లో కనిపించే నున్నటి ప్యాలెట్లు ఇంజెక్షన్ పద్ధతిలో వచ్చినవి. 1200, 1000 మిల్లీమీటర్ల కొలత గల వస్తువును పోసేటప్పుడు అచ్చు విచ్చుకోకుండా పట్టి ఉంచడానికి వెయ్యి టన్నులు దాటిన బిగింపు ఉన్న యంత్రం కావాలి. యంత్రం, అచ్చు కలిపి కోట్ల మాట. 50 లక్షలకు అది వస్తుందని ఎవరైనా అంటే ఆ సంభాషణ అక్కడితో ముగించండి. మీకు అందుబాటులో ఉన్నవి రెండు దారులు. కరిగిన ముద్దను అచ్చులో వేసి ప్రెస్‌తో నొక్కడం ఒకటి. కరిగిన సరుకును పొడవుగా బయటికి తోసే ఎక్స్‌ట్రూడర్ నుంచి ప్లాస్టిక్ చెక్కలు తీసి, కోసి, స్క్రూలతో బిగించి ప్యాలెట్‌గా కట్టడం రెండోది. మీ పెట్టుబడికి రెండోదే తగినదని నా అభిప్రాయం. ఖరీదైన అచ్చు అక్కరలేదు. కొనేవారు ఏ కొలత అడిగినా కోసి ఇవ్వవచ్చు. ఒక చెక్క విరిగితే ఆ ఒక్కటే మార్చవచ్చు. చిక్కగా పారే డ్రమ్ముల సరుకు కూడా ఇందులో ఇమిడిపోతుంది. బరువు మాత్రం ఎక్కువవుతుంది. ఒక్కొక్కటి 25 కిలోలు దాటుతుంది, అది మనుషులు చేత్తో విసిరే సరుకు కాదు.

చెక్కలు తీసేటప్పుడు తొందరపడకూడనిది చల్లార్చడం. మందం రెట్టింపు అయితే చల్లారే సమయం నాలుగు రెట్లవుతుంది. సంకటి ముద్ద పైన ఆరినట్టు కనిపించినా లోపల చేయి కాలేంత వేడి ఉంటుంది కదా, ఈ చెక్క కూడా అంతే. నీళ్ల తొట్టిలోంచి ముందే తీసి పేర్చితే మరుసటి రోజుకు విల్లులా వంగి ఉంటుంది. హెచ్‌డీపీఈ చల్లారుతూ 1.5 నుంచి 3 శాతం దాకా కుంచించుకుంటుంది కాబట్టి మధ్యలో డొల్లలు కూడా పడతాయి. ప్రతి విడతలోనూ ఒక చెక్కను అడ్డంగా కోసి లోపల చూడండి. చిన్న చిన్న బుడగలు చెక్కంతా పరచుకుని ఉంటే ముక్కల్లో తేమ మిగిలిందని, నడిమధ్యన ఒకే పెద్ద డొల్ల ఉంటే చల్లార్చడంలో తేడా అని అర్థం.

బిగించేటప్పుడు ఇంకొక సంగతి. వడ్రంగి పని తెలిసినవారిని పెట్టుకుంటే వాళ్లు చెక్కల మధ్య సందు లేకుండా, స్క్రూను బిర్రుగా బిగిస్తారు. అసలు కలపకు అది సరైనదే, ప్లాస్టిక్‌కు కాదు. పాలిథిన్ వేడికి చాలా సాగుతుంది. 1200 మిల్లీమీటర్ల పలక తెల్లవారుజామునకూ మధ్యాహ్నానికీ మధ్య 30 డిగ్రీల తేడా వస్తే 5 మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది. రంధ్రాన్ని కాస్త కోలగా వేసి, కింద వాషర్ పెట్టి బిగించండి. లేకపోతే మన ఎండలకు స్క్రూల చుట్టూ నెర్రెలు పడతాయి.

బరువు మోసే శక్తికి మూడు లెక్కలు ఉన్నాయి, కొనేవారు ఏది అడుగుతున్నారో తెలియకుండా ధర చెప్పవద్దు. నేల మీద కదలకుండా ఉన్నప్పుడు మోసేది ఒకటి, ఫోర్క్‌లిఫ్ట్ ఎత్తి తిప్పుతున్నప్పుడు మోసేది రెండు, ఇనుప ర్యాకులో రెండు చివరలే ఆనించి మధ్యలో ఆధారం లేకుండా నెలల తరబడి ఉంచినప్పుడు మోసేది మూడు. మొదటిది చాలా పెద్ద అంకె, మూడోది చాలా చిన్నది. ప్లాస్టిక్ ఆగకుండా పడే బరువుకు రోజురోజుకూ కొద్దికొద్దిగా వంగుతూనే ఉంటుంది, వేడి పెరిగితే ఇంకా త్వరగా వంగుతుంది. పునర్వినియోగ ప్లాస్టిక్‌తో, లోపల ఇనుప గొట్టం పెట్టకుండా చేసిన ప్యాలెట్‌ను ర్యాకుకు పనికొస్తుందని చెప్పి అమ్మకండి. పై అరలో ఉన్న టన్ను సరుకు కిందికి వచ్చిందంటే అక్కడ మనిషి ఉండవచ్చు. ఈ విషయంలో బేరం ఉండకూడదు.

ప్యాలెట్ల పరీక్షకు ఐఎస్‌ఓ 8611 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ప్రయోగశాలకు పంపేముందు మీ షెడ్డులోనే చేసుకోగల పరీక్ష చెబుతాను. రెండు దూలాల మీద ప్యాలెట్ రెండు అంచులు ఆనించండి. ఒక అంచు నుంచి మరో అంచుకు కింద దారం బిగువుగా కట్టండి. పైన ఇసుక బస్తాలు సమంగా పేర్చండి. నడిమధ్యన పలకకూ దారానికీ మధ్య దూరాన్ని వెంటనే ఒకసారి, గంటకు ఒకసారి, మర్నాడు ఒకసారి కొలిచి రాసుకోండి. బస్తాలు తీశాక ఎంత వెనక్కి లేచిందో కూడా రాయండి. ఇదే పరీక్ష మే నెల మధ్యాహ్నం ఎండలో చేయండి. జనవరిలో తీసిన అంకెలతో ధరల పట్టిక అచ్చు వేయిస్తే మేలో ఫిర్యాదులు వస్తాయి.

ఇక కొనేదెవరు? కార్ల పరిశ్రమకు విడిభాగాలు పంపేవారి దగ్గర పెట్టెలు, ప్యాలెట్ల కొలతలు ముందే ఖరారై ఉంటాయి. చాలావరకు ఇనుప స్టాండ్లు, లేదా కొత్త ప్లాస్టిక్‌తో చేసి మళ్లీ మళ్లీ తిరిగే రకాలు. అక్కడి తనిఖీలు దాటాలంటే కొన్నేళ్ల రికార్డు చూపాలి. అది మీ మొదటి తలుపు కాకూడదు. సిమెంటు బస్తా మన దగ్గర ఎక్కువగా నేరుగా లారీలోకే ఎక్కుతుంది, ప్యాలెట్ మీద కూర్చుని ప్రయాణం చేయదు. కర్మాగారం లోపల విడిభాగాల స్టోర్లకు కొన్ని తీసుకుంటారు గానీ వేలల్లో కాదు. తాడిపత్రి, బేతంచెర్ల రాతి పలకలు నిలువుగా నిలబెట్టి చెక్క క్రేట్లలో కట్టి పంపుతారు. ఆ బరువుకు, ఆ ధరకు చెక్కతో మీరు పోటీ పడలేరు.

మీకు సరిపోయే చోట్లు వేరు. మొదటిది గిడ్డంగులు. ధాన్యం, వేరుశనగ, శనగ, విత్తనాల బస్తాలకు నేల తేమ తగలకుండా కింద ఏదో ఒకటి వేయాలి. ఇప్పటికీ చాలా చోట్ల చెక్క దిమ్మెలు, వెదురు చాపలు, పాలిథిన్ షీట్లు వేస్తున్నారు. చెక్కకు చెద పడుతుంది, మేకులు లేచి బస్తాలు చిరుగుతాయి. అక్కడ ర్యాకు లేదు, ఫోర్క్‌లిఫ్ట్ కూడా చాలాసార్లు ఉండదు, బరువు సమంగా నేల మీదికి దిగుతుంది. పునర్వినియోగ ప్లాస్టిక్ బలహీనత ఒక్కటి కూడా అక్కడ అడ్డురాదు. నంద్యాల చుట్టుపక్కల విత్తనాల శుద్ధి కేంద్రాలు, ఆదోని పత్తి జిన్నింగ్ మిల్లుల గోదాములు, ఎరువుల డీలర్లు, మార్కెట్ యార్డుల గిడ్డంగులు, అన్నీ మీకు ఒక పూటలో వెళ్లి రాగల దూరమే. నా ప్యాలెట్లలో సగానికి పైగా వెళ్లేది ఇలాంటి చోట్లకే.

రెండోది చల్లటి గిడ్డంగులు. హిందూపురంలో చింతపండు నిల్వ చేసే కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి. తడికి చెక్క బూజు పడుతుంది కాబట్టి వాళ్లు ప్లాస్టిక్ వైపు మొగ్గుతారు. అక్కడికి పీపీ ప్యాలెట్లు పంపవద్దు. సున్నా డిగ్రీల దగ్గర మామూలు పీపీ పెళుసెక్కి, కింద పడితే గాజులా చిట్లుతుంది. హెచ్‌డీపీఈ ఆ చలిలోనూ గట్టిగా ఉంటుంది.

మూడోది ఎగుమతి. తాడిపత్రి, పులివెందుల అరటి గల్ఫ్ దేశాలకు వెళుతోంది. 2020లో తాడిపత్రి నుంచి ముంబై దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ రేవుకు అరటి రైలే నడిచింది. విదేశాలకు పంపే చెక్క ప్యాలెట్‌ను ఐఎస్‌పీఎం 15 నియమం ప్రకారం, చెక్క లోపలి దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాల పాటు ఆగకుండా తగిలేలా వేడి చేయాలి, లేదా పొగ పెట్టి శుద్ధి చేయాలి. ఆ తర్వాత గుర్తింపు ముద్ర వేయాలి. చెక్కలో దాగిన పురుగులు దేశాలు దాటకుండా పెట్టిన నియమం అది. ప్లాస్టిక్‌కు వర్తించదు. ఇది మీకు అమ్మకంలో బలమైన మాటే. కానీ ఒక్కసారి వెళ్లి తిరిగిరాని ప్యాలెట్‌కు మీ 25 కిలోల ప్లాస్టిక్ చెక్కల ప్యాలెట్ ఖరీదెక్కువ, బరువెక్కువ. అక్కడ కావలసింది ఒకదానిలో ఒకటి ఇమిడే తేలిక రకం. ప్రెస్ పద్ధతి పెట్టుకున్న రోజున దాని గురించి ఆలోచించండి.

చేతితో లాగే ట్రాలీ ఉన్న చోటికి పంపేటప్పుడు అడుగు భాగం కొలత తప్పకుండా చూసుకోవాలి. ట్రాలీ కొమ్ములు పూర్తిగా దించినా దాదాపు 85 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటాయి. అంతకంటే ఎక్కువ సందు ఉండాలి. కొమ్ముల చివర చిన్న చక్రాలు కిందికి దిగి నేలను తాకే చోట అడుగు పలక అడ్డం వస్తే, ట్రాలీ ఎత్తినప్పుడు చక్రం ఆ పలకనే తొక్కి విరిచేస్తుంది. కొనేవారి ట్రాలీని ముందు మీరే వెళ్లి టేపుతో కొలవండి. తిరిగివచ్చే ఫిర్యాదుల్లో చాలా వాటికి కారణం ఇదే.

గుత్తి స్థలం గురించి నాకు సందేహం లేదు. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే 44వ జాతీయ రహదారి, బళ్లారి వైపు నుంచి తాడిపత్రి, మైదుకూరు మీదుగా కృష్ణపట్నం రేవుకు వెళ్లే 67వ జాతీయ రహదారి మీ దగ్గరే కలుస్తాయి. ఓర్వకల్లులో, కడప పక్కన కొప్పర్తిలో పారిశ్రామిక నగరాలకు కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులో ఆమోదం తెలిపింది. అవి నిండే కొద్దీ గిడ్డంగులు పెరుగుతాయి. రెండింటికీ మధ్యలో ఉన్నారు కాబట్టి స్థలం కోసం అక్కడికి పరుగెత్తనక్కరలేదు.

రవాణా లెక్క మాత్రం గట్టిగా వేయండి. 32 అడుగుల కంటైనర్ లారీలో మామూలు ప్యాలెట్లు ఒకదానిపై ఒకటి పేర్చితే దాదాపు 250 పడతాయి. 25 కిలోల చొప్పున ఆరు టన్నుల పైచిలుకు. చోటు నిండిపోతుంది, పెద్ద లారీ మోయగల బరువులో సగం కూడా ఉండదు. మీరు కిరాయి కట్టేది గాలికి. అందుకే 200 కిలోమీటర్లు దాటిన ఆర్డరు చూసి సంబరపడవద్దు. చెక్కల పద్ధతిలో ఒక వెసులుబాటు ఉంది: పలకలను కోసి, రంధ్రాలు వేసి, విడివిడిగా కట్టలు కట్టి పంపి, కొనేవారి దగ్గరే ఇద్దరు మనుషులతో బిగించి ఇవ్వవచ్చు. దూరపు ఆర్డర్లకు నేను చేసేది ఇదే.

ఇప్పుడు డబ్బు. ధరలు నెలనెలా మారుతాయి కాబట్టి లెక్క వేసే తీరు చెబుతాను, మీ అంకెలు మీరు వేసుకోండి. 25 కిలోల ప్యాలెట్‌కు, ఏరడంలో, కడగడంలో, జాలీలో పోయే తరుగు 12 శాతం అనుకుంటే 28 కిలోలకు పైగా తుక్కు కావాలి. తుక్కు కిలో 35 రూపాయలు అనుకుంటే వెయ్యి రూపాయలు సరుకుకే. ఏరడం సరిగా లేక తరుగు 25 శాతానికి పెరిగితే 33 కిలోలు కావాలి, అంటే ప్యాలెట్‌కు 170 రూపాయలు అదనం. కరెంటు, కూలీ, వడ్డీ పోగా మిగలవలసిన సొమ్ములో చాలా భాగం అక్కడే కరిగిపోతుంది. బల్ల దగ్గర ఇద్దరు మనుషులను తగ్గించి కూలీ మిగుల్చుకుందామని చూసే యజమానులు ఈ లెక్క ఒక్కసారి వేసుకుంటే ఆ పని చేయరు. ప్లాస్టిక్ ప్యాలెట్ల మీద జీఎస్టీ 18 శాతం. వీధుల్లో ఏరుకొచ్చేవారికి, చిన్న పాత సామాన్ల వ్యాపారులకు జీఎస్టీ నంబరు ఉండదు కనుక మీకు ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొనుగోలు మీద కట్టిన పన్నును మినహాయించుకునే వీలు, దొరకదు. అమ్మకపు ధర వేసేముందు ఈ భారాన్ని ఆడిటరుతో కూర్చుని లెక్క కట్టించండి.

అనుమతుల గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నుంచి ఏర్పాటుకు ఒక అనుమతి, నడపడానికి మరో అనుమతి తీసుకోవాలి. ఉద్యం అనే చిన్న పరిశ్రమల నమోదు, పంచాయతీ, అగ్నిమాపక శాఖల పత్రాలు మామూలే. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో తయారీ పరిశ్రమకు 50 లక్షల వరకు ప్రాజెక్టు పెట్టుకునే వీలు, గ్రామీణ ప్రాంతంలో జనరల్ వర్గానికి 25 శాతం, ప్రత్యేక వర్గాలకు 35 శాతం రాయితీ ఉన్నాయి. దరఖాస్తులు ఇప్పుడు తీసుకుంటున్నారో లేదో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి. యంత్రానికి బయానా ఇచ్చేముందే అడగండి.

రీసైక్లింగ్ ధ్రువపత్రాలు అమ్మి సంపాదించవచ్చని ఎవరైనా మీకు తప్పుడు ఆశ కల్పించవచ్చు. 2022 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం, ప్లాస్టిక్ ప్యాకింగ్‌తో సరుకు అమ్మే కంపెనీలు అంతే ప్లాస్టిక్‌ను వెనక్కి సేకరించి ప్రాసెస్ చేయించాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదైన రీసైక్లర్లు ఇచ్చే ధ్రువపత్రాలను అవి కొనుక్కుంటాయి. ఆ ఆదాయం నిజమే. కానీ అది ప్యాకింగ్ ప్లాస్టిక్‌కు సంబంధించినది. డ్రిప్ పైపు ప్యాకింగ్ కాదు. మీ ముడిసరుకంతా డ్రిప్ పైపులైతే ఆ ధ్రువపత్రాల సొమ్మును లెక్కలో చూపించకండి. నూనె డబ్బాల వంటివి కొన్నప్పుడు తూకం చీటీ, బిల్లు, లారీ నంబరు విడిగా దాచిపెట్టండి, అవి అక్కరకు వస్తాయి.

షెడ్డు కట్టేటప్పుడు మూడు ఏర్పాట్లు మరవద్దు. కడిగిన నీళ్లు మట్టి దిగాక మళ్లీ వాడుకునేలా తొట్లు కట్టించండి. అచ్చులు చల్లార్చే నీటికి మన బోరు నీళ్లను నేరుగా వాడితే గొట్టాల్లో సున్నం పేరుకుంటుంది, మెత్తటి నీళ్లు చేసుకునే ఏర్పాటు ఉండాలి. తుక్కును ఒకే పెద్ద గుట్టగా పోయకుండా చిన్న గుట్టలుగా, మధ్యలో ట్యాంకరు తిరిగేంత దారి వదిలి పోయండి. ప్లాస్టిక్ గుట్ట అంటుకుంటే బకెట్లతో ఆరదు. గ్రైండర్ దగ్గర చెవులకు, బల్ల దగ్గర చేతులకు, ఎక్స్‌ట్రూడర్ దగ్గర ముక్కుకు రక్షణ లేకుండా ఒక్క మనిషిని కూడా నిలబెట్టవద్దు. పైన పొగ లాగే గొట్టం మొదటి రోజు నుంచే ఉండాలి, లాభాలు వచ్చాక పెడదామని వాయిదా వేసేది కాదు.

అమ్మకంలో నాకు బాగా కలిసివచ్చిన పద్ధతి ఒకటి మీకూ చెబుతాను. ప్రతి ప్యాలెట్ మీద తయారైన నెల, విడత సంఖ్య, నేల మీద ఎంత మోస్తుంది, ఎత్తితే ఎంత మోస్తుంది అనేవి చెరిగిపోకుండా ముద్ర వేస్తాం. విరిగిన మా ప్యాలెట్‌ను తుక్కు ధరకు వెనక్కి తీసుకుంటామని బిల్లు మీదే రాసి ఇస్తాం. చెక్క ప్యాలెట్ అమ్మేవారు ఈ మాట ఇవ్వలేరు. మాకు కూడా అందులో ఏ రకం ఏ పాళ్లలో కలిసిందో ముందే తెలిసిన సరుకు తిరిగి వస్తుంది, దాన్ని బల్ల మీద ఏరనక్కరలేదు. మళ్లీ మళ్లీ కరిగిస్తే బలం కొంత తగ్గుతుంది కాబట్టి వాటిని క్రేట్ల సరుకుతో కలిపే వాడతాం.

మీరు వెంటనే చేయగల పని ఒకటుంది. నాన్నగారి దుకాణానికి వచ్చే పాత లేటరల్ నుంచి ఒక 50 కిలోలు, కక్కలపల్లి నుంచి పగిలిన క్రేట్లు 200 కిలోలు తెప్పించండి. మీ చేతులతోనే ఏరి, కడిగి, ఎండబెట్టి, మొదట్లో ఎంత ఉంది, చివరికి ఎంత మిగిలింది తూకం వేయండి. ఆ ముక్కలనే తీసుకుని యంత్రం అమ్మే ఆయన దగ్గరకు వెళ్లి, మీ కళ్ల ముందే చెక్కలు తీసి చూపమనండి. ఆయన సొంత దానాతో చూపిస్తానంటే ఒప్పుకోకండి. ఆ చెక్కలతో ఒక ప్యాలెట్ కట్టించి ఇసుక బస్తాల పరీక్ష చేయండి. తరుగు ఎంత శాతం వచ్చింది, మర్నాటికి నడిమధ్యన ఎన్ని మిల్లీమీటర్లు దిగింది, ఈ రెండు అంకెలూ ఇక్కడ రాయండి. మీ సరుకుకు డ్రిప్ పైపు ఎంత పాలు కలపవచ్చో, పలక మందం ఎంత పెట్టాలో అవి చూసి చెబుతాను.